చివరి వరుస లెక్క: చిన్న పుస్తకాల షాపులో రచయితల సభలు నడుపుతూ రాసుకున్న డైరీ

ఎందుకు మొదలుపెట్టాం, ఎంత ఉత్సాహపడ్డాం అన్న కథ ఇక్కడ రాయను. మీది వేరే హాలు లేని చిన్న పుస్తకాల షాపై, పగలు అమ్మకాలు జరిగే చోటే సాయంత్రం రచయితను కూర్చోబెట్టి మాట్లాడించాలనుకుంటే ఈ కొలతలు పనికొస్తాయి.

గది లోపలి కొలత 11 మీటర్లు × 5.4 మీటర్లు. రెండు పొడుగు గోడలకీ 30 సెం.మీ. లోతు అరలున్నాయి కాబట్టి మిగిలేది 4.8 మీటర్ల వెడల్పు. మధ్యలో రెండు వైపులా పుస్తకాలు పట్టే అరలు మూడు, వీటిని నడిమి అరలు అంటాం. ముందు అద్దాల తలుపు, దాన్ని ఆనుకుని బిల్లింగ్ కౌంటర్.

పనిముట్లు: కొలత టేపు, రంగు మాస్కింగ్ టేపు, స్టాప్‌వాచ్, ఫోనులో శబ్దం కొలిచే యాప్, ఒక నోటుబుక్కు. ఫోను యాప్ చూపించే అంకెను పట్టుకుని ఎవరితోనూ వాదనకు దిగొద్దు, కొన్ని డెసిబెల్స్ అటూ ఇటూ పోతుంది. అయినా అదే ఫోనుతో, అదే కుర్చీ దగ్గర ముందూ తర్వాతా కొలిస్తే తేడా తెలుస్తుంది, మనకు కావలసింది ఆ తేడానే.

దశ 1: 48 కుర్చీలు

పెట్టుకున్న లక్ష్యం ఒకటే, వీలైనన్ని కుర్చీలు. నడిమి అరల్లో పుస్తకాలన్నీ దించి, ఖాళీ అరల్ని వెనక్కి మోసి, పుస్తకాల అట్టపెట్టెల్ని గోడల పక్కన పేర్చాం. ఇద్దరికి మధ్యాహ్నమంతా పట్టింది. మళ్లీ సర్దడానికి మర్నాడు సగం పూట షాపు మూసే ఉంచాల్సొచ్చింది. అట్టపెట్టెలు తినేసిన వెడల్పు పోగా వరుసకు 6 కుర్చీలు పట్టాయి, వరుసకీ వరుసకీ మధ్య వీపు నుంచి వీపుకు 70 సెం.మీ. ఇచ్చి 8 వరుసలు లాగాం.

70 సెం.మీ. చాలదు. కూర్చున్నాక మోకాలు ముందు కుర్చీకి తగులుతుంది. మధ్యలో ఉన్న మనిషి బయటికి రావాలంటే పక్కనున్న వాళ్లంతా లేవాలి, అందుకని ఎవరూ కదల్లేదు, అయిపోగానే అందరూ ఒక్కసారి లేచి తలుపు వైపు నడిచారు. పుస్తకాల బల్ల ఎక్కడుంది? రచయిత వెనకాల. ఫోటోలో బాగుంటుందని పెట్టాం. కొనాలంటే అంత జనానికి ఎదురీది రచయిత కుర్చీ చుట్టూ తిరిగి వెళ్లాలి.

ఇంకోటి గమనించాం. 31 మంది వచ్చారు, ముందు రెండు వరుసల్లో కూర్చున్నది నలుగురే. పొమ్మన్నట్టు అందరూ వెనక్కే పోయారు. చివరి వరుసలో కూర్చున్న ఒక పెద్దావిడ వెళ్తూ వెళ్తూ మావాడితో అన్నారు: "బాబూ, మనిషి కనిపించలేదు, మాట వినిపించలేదు, పుస్తకం మాత్రం కొనమంటున్నారు."

ఇక అక్కడి నుంచి ప్రతి మార్పునూ చివరి వరుస మూల కుర్చీలో కూర్చునే కొలిచాం. వినపడుతోందా, కనపడుతోందా, లేచి బయటికి రాగలమా, దారిలో పుస్తకం చేతికి తగులుతుందా. ఈ నాలుగే ప్రశ్నలు.

దశ 1 లెక్క: కుర్చీలు 48. కూర్చున్నవారు 31. చివరి వరుస దూరం 6.5 మీటర్లు. ఖాళీ గదిలో శబ్దం 47 డెసిబెల్స్. అమ్మిన పుస్తకాలు 6.

దశ 2: మైకు కొనే ముందు చప్పుడు తగ్గించడం

వినపడలేదనగానే మైకు కొందామన్నారు మావాళ్లు. ముందు కాగితం మీద లెక్క వేశాం. మామూలుగా మాట్లాడే గొంతు మీటరు దూరంలో సుమారు 60 డెసిబెల్స్ ఉంటుంది. దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ తగ్గుతుంది, ఇది ఆరుబయట లెక్క. గదిలో గోడలు కొంత శబ్దాన్ని వెనక్కి పంపుతాయి గానీ అందులో బాగా ఆలస్యంగా వచ్చేది మాటల్ని అలుకుతుంది. ఈ లెక్కన 6.5 మీటర్ల దగ్గరికి చేరేది 44. గదిలో మోత 47. అంటే రచయిత గొంతు ఏసీ కింద మునిగిపోయింది. శ్రమ పడకుండా వినాలంటే గొంతు గది చప్పుడు కన్నా ఓ 15 డెసిబెల్స్ పైన ఉండాలి. ఈ గదిలో మైకు పెడితే ఆ తేడా కోసం అరిపించాలి, పక్క షాపులవాళ్లు వచ్చి నిలబడతారు.

షాపు మూశాక ఒక్కోటే ఆపుతూ కొలిచాం.

1. అన్నీ ఆపితే: 36.
2. ఫ్యాన్లు మాత్రమే తిరుగుతుంటే: 43.
3. ఏసీ మాత్రమే, ఎక్కువ స్పీడులో: 45.
4. రెండూ కలిపి: 47.
5. తలుపు తెరిచి బండి వెళ్తే: 58, బండిని బట్టి ఇంకా పైకి.

చేసిన మార్పులు: సభకు గంట ముందు ఏసీ పూర్తి స్పీడులో పెట్టి గది చల్లబరచడం, మొదలవగానే అతి తక్కువ స్పీడుకు దించడం, ఫ్యాన్లు ఆపేయడం. తలుపు అంచులకి రబ్బరు పట్టీ. తలుపు దానంతటదే నెమ్మదిగా మూసుకునే స్ప్రింగు పాతదైపోయి ధడేల్‌మనేది, దాన్ని సరిచేశాం. ఒక పాత ట్యూబులైటు చోకు సన్నగా గుయ్‌మంటోంది, పగలు ఎవరికీ వినపడదు, నిశ్శబ్దంగా కవిత చదివేటప్పుడు గదంతా అదే. మార్చేశాం. బిల్లు ప్రింటరు కూడా కూస్తుంది, సభ జరుగుతున్నంతసేపూ ఫోనుకే బిల్లు పంపుతున్నాం.

ఇంత చేస్తే 40కి వచ్చింది. ఏడు డెసిబెల్స్ లాభం, రబ్బరు పట్టీ తప్ప కొన్నది ఏమీ లేదనే చెప్పాలి.

గోడల నిండా పుస్తకాలుండటం మనకు కలిసొచ్చే విషయం. పుస్తకాల వరుసలు ఎగుడుదిగుడుగా ఉండి శబ్దాన్ని చెదరగొడతాయి, కాగితం కొంత పీల్చుకుంటుంది. ఖాళీ హాల్లో గింగిరాలు కొట్టే గొంతు పుస్తకాల షాపులో అంత పాడవదు. మాకు గింగురు మిగిలింది అద్దాల తలుపు వైపు మాత్రమే. మందపాటి తెర వేస్తే తగ్గింది.

దశ 2 లెక్క: గది చప్పుడు 47 నుంచి 40. మైకు ఇంకా లేదు.

దశ 3: నడిమి అరలకు చక్రాలు

పుస్తకాలు దించకుండా అరల్ని తోసెయ్యగలిగితే సగం చాకిరీ పోతుంది. ఈ దశలోనే ఎక్కువ సామాను పాడైంది, అందుకే వివరంగా రాస్తున్నా.

మొదట వేసినవి 50 మి.మీ. చక్రాలు, ఒక్కోటీ 40 కిలోలు మోస్తుందని రాసుంది. నాలుగు కలిపి 160 కిలోలు, చాలుననుకున్నారు బిగించినాయన. నిండుగా సర్దిన అర బరువు ఎవరూ లెక్కపెట్టలేదు. అర పొడవు 1.2 మీటర్లు, నాలుగు అంతస్తులు, రెండు వైపులు, మొత్తం 9.6 మీటర్ల పుస్తకాలు. మామూలు అట్ట పుస్తకాలైనా మీటరుకు 25 కిలోల దాకా తూగుతాయి. 240 కిలోలు. చెక్క బరువు 45. మొత్తం 285.

దీన్ని నాలుగుతో భాగించకూడదు, మూడుతో భాగించాలి. నేల ఎక్కడా సమంగా ఉండదు, కదిలేటప్పుడు ఒక చక్రం గాల్లో ఉంటుంది, బరువంతా మిగతా మూడింటి మీదే. 285ని మూడుతో భాగిస్తే 95. మేం వేసింది 40వి. కొద్ది రోజులకే చక్రాలు ఒకవైపు చదునై, తోస్తే టకటకమంటూ నేల మీద గీతలు పెట్టాయి.

రెండో గొడవ ఇంకా ప్రమాదకరం. అర ఎత్తు 140 సెం.మీ., లోతు 40 మాత్రమే. చక్రాలతో ఎత్తు పెరిగింది, పునాది సన్నం. టైలు అంచుకు ముందు చక్రం తట్టుకుంటే అర ఊగింది. ఇద్దరం పట్టుకున్నాం కాబట్టి సరిపోయింది. పిల్లలు తిరిగే షాపులో ఇది ఒప్పుకునే విషయం కాదు.

చివరికి కుదిరిన పద్ధతి:

1. 100 మి.మీ. పాలీయురెథేన్ (గట్టి రబ్బరులాంటి ప్లాస్టిక్) చక్రాలు, ఒక్కోటీ 125 కిలోలకు తగ్గనివి. నాలుగింటికీ బ్రేకు. రెండింటికే బ్రేకుంటే అర ఆ రెండింటి చుట్టూ తిరుగుతుంది.
2. అర కింద 60 సెం.మీ. వెడల్పు చెక్క పీట, చక్రాలు దాని నాలుగు మూలల్లో. అర లోతు 40, కింద 60, అంత తేలిగ్గా పక్కకు పడదు.
3. నిఘంటువులు, పెద్ద బొమ్మల పుస్తకాలు కింది అంతస్తుకు. పై అంతస్తులో పల్చటివి మాత్రమే.
4. తోసేది ఎప్పుడూ అర పొడవు వెంట, నడుం ఎత్తులో చేతులు పెట్టి, ఇద్దరు. పై అంచు పట్టుకుని తోయకూడదు.
5. కొత్త చోటికి చేరగానే నాలుగు బ్రేకులూ వేసి, ఒకసారి ఊపి చూడాలి.

పీట బయటికి పొడుచుకొచ్చింది కాబట్టి కాలికి తగిలేది. అంచులకు పసుపు టేపు వేశాం, అందం కొంత పోయింది, పోనివ్వండి.

దశ 3 లెక్క: గది ఖాళీ చేయడానికి మధ్యాహ్నమంతా పట్టేది, ఇప్పుడు ముప్పావు గంట, అందులో ఎక్కువ భాగం కుర్చీలకే. పారేసిన చక్రాలు 12.

దశ 4: గదిని అడ్డంగా తిప్పడం

అరలు వెనక్కి పోయాక ఖాళీ 6.3 × 4.8 మీటర్లు. పాత అలవాటు ప్రకారం రచయితను పొట్టి గోడ దగ్గర కూర్చోబెట్టి, వరుసకీ వరుసకీ 90 సెం.మీ. ఇచ్చి, పక్కన 1.2 మీటర్ల దారి వదిలితే 7 చొప్పున 5 వరుసలు, 35 కుర్చీలు. చివరి వరుస 5.2 మీటర్ల దూరం. రచయిత వెనక అద్దాల తలుపు. సాయంత్రం వెలుగు వెనక నుంచి పడి మొహం నల్లగా, నీడలా కనపడింది. ఆలస్యంగా వచ్చిన ప్రతి మనిషీ రచయిత భుజం మీదుగా లోపలికొచ్చారు, గదంతా వాళ్లనే చూసింది.

90 డిగ్రీలు తిప్పాం. రచయిత పొడుగు గోడ మధ్యలో, వెనక పుస్తకాల అర. 10 చొప్పున 3 వరుసలు, కాస్త వంపుగా. చక్రాల కుర్చీలో వచ్చేవారి కోసం మొదటి వరుస చివర రెండు కుర్చీలు తీసేసి 90 × 120 సెం.మీ. చోటు వదిలాం. మిగిలింది 28. ముందు లెక్కతో చూస్తే కుర్చీలు పోయాయి, నిజమే. కానీ చివరి వరుస మధ్య కుర్చీకి దూరం 3.1 మీటర్లు, మూల కుర్చీకి 4 మీటర్లు. మూల కుర్చీ దగ్గర కూడా లెక్క ప్రకారం గొంతు 48, గది చప్పుడు 40. మైకు లేకుండానే మాట పైకి తేలింది. ఇంకా 15 తేడా రాలేదు.

నేల మీద ప్రతి వరుస మొదలు, చివర చిన్న టేపు ముక్కలు అతికించాం. ఇప్పుడు ఎవరు వేసినా కుర్చీలు ఒకేలా పడతాయి. వెనక వరుసను సగం కుర్చీ పక్కకు జరిపి, ఇద్దరి తలల మధ్య నుంచి చూసేలా. అయినా మూడో వరుసకు రచయిత మొహం పూర్తిగా కనపడలేదు, ఎందుకంటే కూర్చున్న మనిషి కళ్లు నేల నుంచి సుమారు 1.2 మీటర్ల ఎత్తులో ఉంటాయి, రచయిత కూడా అదే ఎత్తు కుర్చీలో కూర్చున్నారు. వేదిక వేద్దామంటే చోటు తినేస్తుంది, అంచు తట్టుకుని పడతారు. 75 సెం.మీ. ఎత్తు స్టూలు తెస్తే మొహం దాదాపు 1.5 మీటర్లకు లేచింది. వెన్ను ఆనుకోడానికి, కాళ్లు పెట్టుకోడానికి ఉన్న స్టూలే తీసుకోండి. లేనిదాని మీద గంట కూర్చుంటే ఎవరికైనా నడుం పట్టేస్తుంది. పెద్దవయసు వాళ్లకు మామూలు కుర్చీనే వేసి, వరుసలన్నిటినీ అరమీటరు వెనక్కి జరిపి, ముందు వరుస మధ్యలో ఒక కుర్చీ తీసేస్తాం. ఆ సందులోంచి వెనక వాళ్లకు కనపడుతుంది.

దశ 4 లెక్క: కుర్చీలు 28. చివరి వరుస 6.5 నుంచి 4 మీటర్లకు. కూర్చున్నవారు 24. అమ్మిన పుస్తకాలు 9. మొత్తం ఇప్పటివరకు 15.

దశ 5: బ్లూటూత్ స్పీకరు, తర్వాత నిజమైన మైకు

ఇంట్లో ఉన్నదే కదా అని ఒక సభకు ఫోను, కాలర్ మైకు, బ్లూటూత్ స్పీకరు కలిపి వాడారు. రచయిత మంచి వక్త, ఎక్కడా తడబడని మనిషి. రెండో నిమిషానికి పదాలు సాగదీయడం, అక్షరాలు తొట్రుపడటం మొదలైంది. అందరూ టెన్షన్ అనుకున్నారు. కారణం బ్లూటూత్ ఆలస్యం. మామూలు బ్లూటూత్‌లో శబ్దం సెకనులో ఐదో వంతు దాకా వెనకబడగలదు. మన గొంతు మన చెవికి ఆ మాత్రం ఆలస్యంగా వినపడితే మాట తడబడుతుంది. దీని మీద 1950లోనే బెర్నార్డ్ లీ రాశాడు, సుమారు 200 మిల్లీసెకన్ల దగ్గర ఈ ఇబ్బంది ఎక్కువ. స్పీకరు ఆపగానే రచయిత మామూలైపోయారు. గొంతు పెంచడానికి బ్లూటూత్ వాడొద్దు, పాటలకు ఉంచుకోండి.

తర్వాతి ఏర్పాటు: వైరున్న కార్డియాయిడ్ డైనమిక్ మైకు, చిన్న సౌండ్ మిక్సరు, స్టాండు మీద ఒకే స్పీకరు. ఈ రకం మైకు ముందు నుంచి వచ్చేది బాగా తీసుకుంటుంది, వీపు వైపు నుంచి వచ్చేది చాలా తక్కువ. అందుకే స్పీకరు ఎప్పుడూ మైకు వీపు వైపు ఉండాలి, రచయిత కన్నా ముందుకు, జనం వైపు తిరిగి. రచయిత వెనక గోడకు పెట్టిన రోజు మైకు కూత పెట్టింది, చెవులు మూసుకున్నారు.

కూత తగ్గించడానికి గెయిన్ (మైకు శబ్దాన్ని మిక్సరు ఎంత పెంచాలో చెప్పే మీట) తగ్గించడం కన్నా నోటిని మైకుకు దగ్గర చేయడం మేలు. 10 సెం.మీ. నుంచి 20కి జరిగితే 6 డెసిబెల్స్ పోతాయి, 40కి జరిగితే ఇంకో 6. దాన్ని పూడ్చడానికి గెయిన్ పెంచుతాం, స్పీకరు శబ్దం మైకులోకి తిరిగి వెళ్లి కూత మొదలవుతుంది. మాట్లాడేటప్పుడు ఇబ్బంది లేదు, చదివేటప్పుడే వస్తుంది. ఒళ్లో పుస్తకం పెట్టుకోగానే తల కిందికి వంగుతుంది, గొంతు నేలకు పోతుంది, మైకు నుదుటి ముందు మిగులుతుంది.

దీనికి మేం మార్చింది మైకును కాదు, పుస్తకం ఉండే చోటును. సంగీతం వాయించేవాళ్లు కాగితాలు పెట్టుకునే స్టాండు తెచ్చి, పుస్తకాన్ని గడ్డం ఎత్తుకు లేపి, మైకు స్టాండును దాని పక్క నుంచి తెచ్చాం. తల లేచింది, గొంతు లేచింది, జనానికి కళ్లు కనపడ్డాయి. మూల కుర్చీ దగ్గర 57. మొత్తం డైరీలో నాకు నచ్చిన మార్పు ఇదే, ఏ షాపైనా మైకు లేకపోయినా ఆ స్టాండు ఒక్కటీ తెచ్చుకోవచ్చు.

సభకు ముందు చేసే పరీక్ష:

1. ఒకరు మైకు ముందు పుస్తకంలో ఒక పేజీ చదవాలి. "హలో, చెక్" అంటే లాభం లేదు, ఆ రెండు మాటలూ అందరూ గట్టిగానే అంటారు.
2. ఇంకొకరు మూల కుర్చీలో కూర్చుని వినాలి.
3. కూత వచ్చేదాకా గెయిన్ పెంచి, అక్కడి నుంచి 6 డెసిబెల్స్ దించాలి. జనం నిండాక కొంత శబ్దం వాళ్లే పీల్చుకుంటారు కాబట్టి మళ్లీ ఒక్క గీత పెంచాల్సి రావచ్చు.
4. కేబుళ్లు నేలకు గాఫర్ టేపుతో (జిగురు మిగల్చకుండా ఊడొచ్చే గుడ్డ టేపు). మాస్కింగ్ టేపు కాళ్ల కింద ఊడిపోయింది, బ్రౌన్ టేపు జిగురు నేలకు అంటుకుని వారం పాటు గీకాం.

దీపాల సంగతి ఒక్క ముక్క. పుస్తకం మీద 300 నుంచి 500 లక్స్ (వెలుగు కొలత) పడేలా క్లిప్పు లైటు, రచయిత కళ్లలోకి కొట్టకుండా పక్క నుంచి. అంతే.

దశ 5 లెక్క: మూల కుర్చీ దగ్గర గొంతు 57, గది 40. తేడా 17. అమ్మిన పుస్తకాలు 11, మొత్తం 26.

దశ 6: నిమిషాలు

వినపడటం మొదలయ్యాక ఎంతసేపు వింటారన్నది తెలిసింది. ఒక నవలాకారుడు నలభై నిమిషాలు ఏకబిగిన చదివారు. మంచి గొంతు. అయినా పాతిక నిమిషాల తర్వాత కుర్చీల కిర్రు మొదలైంది. ఆ కిర్రే మాకు కొలబద్ద. రచయితలకు ముందే పంపే కాగితంలో ఇప్పుడు ఇలా రాస్తున్నాం: పరిచయం 3 నిమిషాలు, చదవడం 8, సంభాషణ 20, మళ్లీ చదవడం 5, ప్రశ్నలు 15. మొత్తం 51. చదివే భాగాన్ని ఇంట్లో పైకి చదివి స్టాప్‌వాచ్ పెట్టుకోమంటాం, ఎందుకంటే మనసులో చదివిన లెక్క పైకి చదివితే ఎప్పుడూ పెరుగుతుంది.

పరిచయం 3 నిమిషాలన్నది కఠినంగా ఉండాలి. పరిచయం చేసే మనిషే పుస్తకం కథంతా చెప్పేసి, పావుగంట మింగేసిన సాయంత్రం ఒకటుంది. రచయిత పాపం నవ్వుతూ కూర్చున్నారు.

ప్రశ్నల దగ్గర మూడు మార్పులు. మొదటిది, జనంలోకి వెళ్లే మైకును మావాళ్లే పట్టుకుంటారు, చేతికివ్వరు. చేతికిస్తే కొందరికి ప్రశ్న గుర్తుండదు, వాళ్ల సొంత పుస్తకం గుర్తొస్తుంది. రెండోది, మైకు లేని చోట అడిగిన ప్రశ్నను రచయిత మళ్లీ ఒకసారి పైకి చెప్పాలి, లేకపోతే చివరి వరుసకు జవాబు మాత్రమే తెలుస్తుంది. మూడోది, తొలి ప్రశ్న మాదే. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకునే ఆ అర నిమిషం పోతుంది. సంభాషణ నడిపేవారు పుస్తకం పూర్తిగా చదివి ఉండాలని వేరే చెప్పాలా? చెప్పాల్సే వచ్చింది.

దశ 7: కుర్చీ నుంచి పుస్తకం దాకా దారి

ఒక పేరున్న రచయిత వచ్చిన రోజు 28 కుర్చీలు నిండి పదిమంది నిలబడ్డారు. మంచి సాయంత్రమే, చివరి ముప్పావుగంట తప్ప. 24 మంది పుస్తకం కొన్నారు. బిల్లు కౌంటర్ తలుపు దగ్గర, సంతకాల బల్ల లోపలి గోడ దగ్గర. అందరూ ముందు తలుపు దాకా వెళ్లి బిల్లు కట్టి, ఇంటికి పోయేవాళ్లకు ఎదురు నడుస్తూ లోపలికి రావాలి. బిల్లు వరుస తలుపుకు అడ్డం పడింది. తలుపుకు అడ్డం పడటం అసౌకర్యం మాత్రమే కాదు, నిప్పు అంటుకుంటే ప్రాణాల మీదికొస్తుంది.

స్టాప్‌వాచ్ లెక్క: సంతకానికి సగటున 95 సెకన్లు. 24 మందికి 38 నిమిషాలు. సంతకం పెట్టడానికి పట్టేది కొంచెమే, మిగతాది "మీ పేరు ఎలా రాయాలి" అన్న దగ్గర, సరైన పేజీ వెతకడంలో, ఫోటో తీసేవాళ్లు ఫోను తెరవడంలో పోతోంది. కొందరు వరుస చూసి పుస్తకం బల్ల మీద పెట్టేసి వెళ్లిపోయారు.

మార్చినవి:

1. దారి ఒకే వైపు: కుర్చీ, పుస్తకాల బల్ల, బిల్లు, సంతకం, తలుపు. బిల్లుకు చిన్న ట్యాబ్‌తో లోపలే రెండో కౌంటర్. ఎవరూ ఎవరికీ ఎదురు రారు.
2. సభకు ముందే బిల్లు. కొన్నట్టు గుర్తుగా ముద్ర వేసిన బుక్‌మార్కు పుస్తకంలో పెట్టి ఇస్తాం, బయటికి వెళ్లేటప్పుడు మళ్లీ బిల్లు వెతుక్కోనక్కర్లేదు.
3. వరుసలో ఉండగానే ఒకరు చిన్న కాగితం మీద పేరు అడిగి రాసి, లోపలి టైటిల్ పేజీకి అతికిస్తారు. రచయిత నేరుగా అక్కడే తెరుస్తారు.
4. ఫోటో మావాళ్లే తీస్తారు, ఫోను ముందే తీసుకుని.
5. పెన్నులు ముందే అదే పుస్తకం కాగితం మీద పరీక్షించాలి. నున్నటి పూత కాగితం మీద జెల్ ఇంకు వెంటనే ఆరదు, మూసిన పుస్తకంలో ఎదుటి పేజీకి అంటుకుంది. పూత లేని పేజీ చూసుకుని అక్కడ రాయించడం, లేదా మధ్యలో పల్చటి కాగితం పెట్టడం.

సంతకానికి 50 సెకన్లకు వచ్చింది. అదే 24 మందికి 20 నిమిషాలు.

ఎన్ని పుస్తకాలు తెప్పించాలన్నది ఇంకో తలనొప్పి. సంతకం చేసిన కాపీల్ని ప్రచురణకర్తలు మామూలుగా వెనక్కి తీసుకోరు. అందుకని "మిగిలినవన్నీ సంతకం చేసి పెట్టమంటారా" అని రచయిత ఉదారంగా అడిగితే ఎన్ని చేయించాలో ముందే అనుకుని ఉండాలి. ఒక సభ తర్వాత సంతకాలతో సహా 19 కాపీలు మా దగ్గరే ఉండిపోయాయి. ఇప్పుడు ముందస్తు బిల్లుల సంఖ్యకు కొద్దిగా కలిపి, అంతవరకే సంతకం. రచయిత పాత పుస్తకాలు తలా రెండు మూడు బల్ల మీద ఉంచడం మాత్రం మానొద్దు. కొత్తది ముందే చదివేసి వచ్చినవాళ్లు కొనేది అవే.

దశ 7 లెక్క: ఆ సాయంత్రం 24, మొత్తం 50. చేతిలో మిగిలిన సంతకం కాపీలు 19.

దశ 8: తొమ్మిది మంది

పేర్లిచ్చినవాళ్లు 40. వచ్చింది 9. బయట వాన కూడా లేదు, సాకు చెప్పుకోడానికి. టికెట్టు లేని సభకు పేరివ్వడం తేలిక, మానేయడం ఇంకా తేలిక.

28 కుర్చీల మధ్య 9 మంది చెదురుగా కూర్చుంటే ఖాళీ కుర్చీలే ఎక్కువ మాట్లాడతాయి. కానీ ఆ రోజు మావాడు మొదలయ్యే పది నిమిషాల ముందు ఒక పని చేశాడు, అక్కర్లేని కుర్చీలన్నీ మడిచి అరల వెనక పెట్టేసి, ఉన్నవాటిని రచయిత చుట్టూ అర్ధచంద్రంగా వేశాడు. మైకు తీసేశాం. ప్రశ్నలు వేరే, మాట వేరే అని లేకుండా గంటంబావు నడిచింది. 8 పుస్తకాలు అమ్ముడయ్యాయి. ఇప్పుడు పద్ధతే మార్చాం: మొదట 16 కుర్చీలే వేస్తాం, మిగతా 12 అర వెనక మడిచి ఉంటాయి. జనం వస్తుంటే తెచ్చి వేస్తాం. నిండిన గదికి ఇంకో కుర్చీ తెచ్చి వేయడం చూసేవాళ్లకు కూడా బాగుంటుంది.

పేర్ల పట్టికలో కూడా ఒక మార్పు. సభ ముందురోజు పంపే సందేశంలో "రాలేకపోతే ఒక్క అక్షరం కొట్టి పంపండి" అని పెట్టాక, వచ్చే సంఖ్య పెరగలేదు గానీ రానివాళ్ల సంఖ్య ముందే తెలుస్తోంది. కుర్చీలకు, పుస్తకాల ఆర్డరుకు అది చాలు.

దశ 8 లెక్క: మొత్తం అమ్మినవి 58. వేసే కుర్చీలు 16 + 12.

దశ 9: ఇంకా నడుస్తున్నది

వినికిడి యంత్రం పెట్టుకున్నవాళ్లకు స్పీకరు శబ్దం పెంచితే సరిపోదు, గది చప్పుడు కూడా పెరిగి వినపడుతుంది. చాలా యంత్రాల్లో టీ-కాయిల్ అనే చిన్న తీగచుట్ట ఉంటుంది. గది చుట్టూ నేల మీద ఒక తీగ పరిచి, దానికి తగిన ఆంప్లిఫయరు ద్వారా మైకు శబ్దం పంపితే ఆ అయస్కాంత క్షేత్రాన్ని టీ-కాయిల్ నేరుగా అందుకుంటుంది, గదిలో ఏసీ మోగుతున్నా చెవిలో గొంతు మాత్రమే. దీనికి ఐఈసీ (అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్) 60118-4 అనే ప్రమాణం ఉంది, మీటరుకు 400 మిల్లీఆంపియర్ల క్షేత్రబలం రావాలంటుంది.

తాత్కాలికంగా తీగ పరిచి చూశాం. కుర్చీల మధ్యలో బాగానే ఉంది, లోపలి గోడ దగ్గర సన్నటి గుర్రుమనే చప్పుడు వస్తోంది. కరెంటు వైర్లు ఆ గోడలోంచే పోతున్నాయి. ఇనుప అరలు కూడా క్షేత్రాన్ని తగ్గిస్తాయి, మావి ఎక్కువ చెక్కవే కాబట్టి కొంత నయం.

చేయాల్సినవి:

1. తీగను లోపలి గోడకు మీటరు దూరం జరిపి మళ్లీ వినడం.
2. దీపం వెలుగు తగ్గించే డిమ్మరు స్విచ్చు ఆపితే గుర్రు తగ్గుతుందేమో చూడటం. అనుమానం దాని మీదే.
3. టీ-కాయిల్ వాడే పాఠకులు ఇద్దరిని ఖాళీ షాపుకు పిలిచి, ఒక్కో కుర్చీలో కూర్చోబెట్టి, నేల మీద టేపుతో బాగున్న చోట్లు గుర్తు పెట్టడం.
4. ఆంప్లిఫయరు అద్దెకు తెచ్చింది. ఈ మూడూ తేలాకే కొనడం.